బేరం చేయవలసింది ధర దగ్గర కాదు, షరతుల దగ్గర

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిన కాలంలో ఇల్లు కట్టించుకునేవాడు దగ్గర నిలబడి ఇటుకలు లెక్కపెట్టుకునేవాడు. మేస్త్రీ పని నచ్చకపోతే ఆ వారం కూలీ ఇచ్చి పంపించేసేవాడు. నేడు హైదరాబాదు పడమటి దిక్కున ఇల్లు కొనేవారికి ఆ వీలు లేదు. వారు కొనేది ఇల్లు కాదు, ఇల్లు కట్టి ఇస్తానన్న మాట. డబ్బు ముందు పోతుంది, ఇల్లు మూడేళ్లకో ఐదేళ్లకో చేతికి వస్తుంది. కొందరికి అసలు రానే రాదు.

1998 నవంబరులో మాదాపూర్‌లో నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి ఆ చుట్టుపక్కల చాలావరకు రాళ్లగుట్టలే. తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వరకు అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం ధర వంద కోట్ల రూపాయలు దాటింది. టోలీచౌకీ, మెహదీపట్నం, పాతబస్తీ ఇళ్లనుంచి మన పిల్లలు కూడా ఈ కంపెనీల్లో ఉద్యోగాలకు వెళుతున్నారు. ఇల్లు ఆఫీసుకు దగ్గరలో ఉండాలని కోరుకుంటున్నారు. కొడుకు జీతం, తండ్రి గల్ఫ్‌లో దాచుకున్న సొమ్ము, తల్లి బంగారం అన్నీ కలిపి ఒక ఫ్లాటుకు బయానా ఇస్తున్నారు.

ఇలాంటి కుటుంబాలు బిల్డరు ఆఫీసుకు వెళ్లి చేసే బేరం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. చదరపు అడుగు ఎంత? వంద తగ్గిస్తారా? రెండు వందలు తగ్గిస్తారా? మొత్తం డబ్బు ఒకేసారి ఇస్తే ఇంకెంత తగ్గిస్తారు? అక్కడ మూడు వందలు తగ్గితే విజయం సాధించినట్టు ఇంటికి వస్తారు. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. బేరం ఆడవలసింది అక్కడ కాదు. మన డబ్బు ఎప్పుడు, ఏ పని జరిగాక, ఏ కాగితం మీద మన చేయి దాటుతుందన్నదే అసలు బేరం. ఆ బేరం చేయకుండా ధర ఎంత తగ్గించుకున్నా అది లాభం కాదు.

నగదు ఇచ్చేవారికే ఎక్కువ ప్రమాదం

మన కుటుంబాల్లో వడ్డీకి భయపడి బ్యాంకు అప్పుకు దూరంగా ఉండేవారు ఉన్నారు. ఆ నిర్ణయం గౌరవించదగినది. అయితే దానితోపాటు వారు ఒక రక్షణను కూడా వదులుకుంటున్నారన్న సంగతి గమనించాలి. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు తన వకీలు చేత లింకు డాక్యుమెంట్లు చూపిస్తుంది. అనుమతులు వచ్చాయా అని అడుగుతుంది. సాధారణంగా పని ఎంత జరిగితే అంత సొమ్మే విడుదల చేస్తుంది. బ్యాంకు ఇదంతా చేసేది తన సొమ్ము కోసమే అయినా, ఆ జాగ్రత్త నీడ కొనుగోలుదారు మీద కూడా పడుతుంది. సొంత సొమ్ముతో కొనేవారికి ఆ నీడ లేదు. బ్యాంకు చేసే పని వారే చేసుకోవాలి.

విచిత్రమేమిటంటే, చేతిలో నగదు ఉన్నవాడికే బిల్డరు దగ్గర ఎక్కువ బలం ఉండాలి. బిల్డరుకు కావలసింది అదే కాబట్టి. కాని మనవారు ఆ బలాన్ని మొదటిరోజే అతని బల్లమీద పెట్టి లేచి వస్తారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడికి, ఏరు దాటకముందే తెప్పను రాసిచ్చినట్టు అవుతుంది.

'ప్రీలాంచ్ ఆఫర్' అనేది సరిగ్గా ఈ బలహీనత మీదనే నిలబడిన వ్యాపారం. అనుమతులు ఇంకా రాలేదు, మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే మార్కెట్ ధరలో సగానికే ఫ్లాటు అంటారు. పదిహేను వందల అడుగుల ఫ్లాటుకు చదరపు అడుగు ఎనిమిది వేలు పలికేచోట ఐదు వేలకే ఇస్తామన్నారనుకుందాం. నలభై ఐదు లక్షలు మిగిలాయని మనం లెక్క వేసుకుంటాము. డెబ్బై ఐదు లక్షలు ఏ హామీ లేకుండా ఒకరి చేతిలో పెట్టామన్న లెక్క వేసుకోము. అమీన్‌పూర్‌లో ఫ్లాట్లు ఇస్తామంటూ ప్రీలాంచ్ పేరిట వందల కోట్లు వసూలు చేసి ఇళ్లు ఇవ్వలేదన్న ఆరోపణలపై సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంస్థ అధిపతిని 2022 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్కడ డబ్బు కట్టినవారు అమాయకులేమీ కారు. చదువుకున్నవారు, ఉద్యోగస్తులు. వారిని ముంచింది తక్కువ ధరే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం (దీన్నే రెరా అంటున్నాం) ప్రకారం ఐదు వందల చదరపు మీటర్లకు మించిన స్థలంలో లేదా ఎనిమిదికి మించి ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టును రిజిస్టర్ చేయించకుండా ప్రకటనలు ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం నేరం. రిజిస్టర్ అయిన అగ్రిమెంటు లేకుండా మొత్తం ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో డెబ్బై శాతం ఆ ప్రాజెక్టు కోసం ప్రత్యేక ఖాతాలోనే ఉంచాలి. కాబట్టి, మొత్తం ముందే కట్టమనే బిల్డరు మనకు రాయితీ ఇవ్వడం లేదు. చట్టం మనకిచ్చిన రక్షణను మన చేతే అమ్మించుకుంటున్నాడు.

సలం వేరు, ఇస్తిస్నా వేరు

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసిన అవసరం ఉంది. 'ముందు డబ్బు, తర్వాత సరుకు ఇస్లాంలో ఉన్నదే, దానినే సలం అంటారు. కాబట్టి మొత్తం ముందుగా కట్టడమే షరీఅతుకు దగ్గర' అని కొందరు ఏజెంట్లు మనవారికి నచ్చజెబుతున్నారు. ఇది సగం చదువు. సలంలో మొత్తం ధర ముందుగా చెల్లించవలసిన మాట నిజమే. కాని అది ధాన్యం, ఖర్జూరం వంటి సరుకులకు వర్తించే ఒప్పందం. ఒకదానికి బదులు అదే రకం ఇంకొకటి ఇవ్వగల సరుకు అయి ఉండాలి. ఫలానా సర్వే నంబరులో, ఫలానా అంతస్తులో ఉండే ఇల్లు అలాంటి సరుకు కాదు.

కట్టించి ఇచ్చే వస్తువుకు మన హనఫీ ఫికహ్‌లో ఉన్న ఒప్పందం పేరు ఇస్తిస్నా. చెప్పులు, పాత్రలు చేయించుకునే ఆచారాన్ని చూసి మన ఇమాములు దీన్ని అనుమతించారు. ఇందులో వస్తువు ఎలా ఉండాలో ముందే పూర్తిగా వివరించుకోవాలి. డబ్బు మొత్తం ముందుగా ఇవ్వవలసిన అవసరం లేదు. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫికహ్ అకాడమీ కూడా ఇస్తిస్నాలో ధరను వాయిదాలలో చెల్లించవచ్చునని, గడువు నిర్ణయించుకోవాలని, ఆలస్యమైతే పరిహారం చెల్లించే షరతు పెట్టుకోవచ్చునని తీర్మానించింది. అంటే పని జరిగినకొద్దీ డబ్బు ఇస్తాననడం ధర్మానికి ఎంతమాత్రం విరుద్ధం కాదు. కట్టని ఇంటి విషయంలో ధర్మానికి దగ్గరగా ఉన్న పద్ధతి అదే.

బేరం ఆడటం విశ్వాసికి తగదని భావించేవారు హజ్రత్ జాబిర్ (రజి) ఒంటె వృత్తాంతాన్ని గుర్తుచేసుకోవాలి. ఒక ప్రయాణంలో మహాప్రవక్త (స) ఆయన ఒంటెను కొనడానికి ధర మాట్లాడారు. ధర కుదిరింది. అయితే మదీనా చేరేవరకు ఆ ఒంటె మీద తానే ప్రయాణిస్తానని జాబిర్ (రజి) షరతు పెట్టారు. ప్రవక్త (స) అంగీకరించారు. మదీనా చేరాక ధర చెల్లించి, ఒంటెను కూడా ఆయనకే ఇచ్చేశారు. షరతుల వివరాల్లో ఫికహ్ పండితుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి, ఆ చర్చ వేరు. మనం గమనించవలసింది ఏమిటంటే, అక్కడ మాట్లాడుకున్నది ధర ఒక్కటే కాదు. వస్తువు ఎప్పుడు చేతులు మారాలో కూడా మాట్లాడుకున్నారు. అదీ లోకంలో అందరికంటే నమ్మకస్తుడైన కొనుగోలుదారుతో.

'బిల్డరు మనవాడే, మన మసీదులోనే నమాజు చేస్తాడు, కాగితాలు అడిగితే బాధపడతాడు' అనే మాట కూడా తరచూ వింటున్నాము. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, అప్పును, దాని గడువును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తోంది. ఆ ఆదేశం ఎవరిని ఉద్దేశించినది? విశ్వాసులనే. పరస్పరం సలాం చెప్పుకునేవారినే రాసుకోమన్నప్పుడు, కాగితం అడగడం అనుమానం ఎలా అవుతుంది? నిజాయితీపరుడైన బిల్డరు కాగితానికి భయపడడు. భయపడేవాడితో సౌదా అక్కర లేదు.

ఏమేమి మాట్లాడుకోవాలి?

బిల్డరు చదరపు అడుగు ధర ఎందుకు తగ్గించడో ముందు అర్థం చేసుకోవాలి. అది అతని బోర్డుమీద రాసుకున్న ధర. ఒకరికి తగ్గిస్తే నిన్న కొన్నవాడు వచ్చి నిలదీస్తాడు. అందువల్ల అక్కడ గట్టిగా ఉంటాడు, బోర్డు మీద కనిపించని చోట మెత్తబడతాడు. పార్కింగు, పై అంతస్తుకు వేసే అదనపు రేటు, క్లబ్ హౌస్ రుసుము, నీరు, కరెంటు కనెక్షన్ల పేరిట వసూలు చేసే సొమ్ము, వాయిదాల పద్ధతి, ఇవన్నీ అతడు వదులుకోగలిగినవి. 'అన్నీ కలిపి, తాళం చేతికి వచ్చేవరకు మొత్తం ఎంత?' అని అడిగి, ఆ అంకెను రాయించుకోవాలి.

మొట్టమొదటిది వాయిదాలు. తేదీల ప్రకారం కాదు, పని ప్రకారం ఉండాలి. పునాది పూర్తయితే ఇంత, మన అంతస్తు స్లాబు పడితే ఇంత, గోడలు, ప్లాస్టరింగు అయితే ఇంత. చివరి వాయిదా సాధ్యమైనంత పెద్దదిగా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి తాళం ఇచ్చేరోజున చెల్లించేదిగా ఉండాలి. రెండు వందల రూపాయల రాయితీ కంటే ఈ ఒక్క షరతు విలువైనది. అయితే ఇది రెండువైపులా పదునున్న మాట. పని జరిగిన రోజున మన వాయిదా కూడా ఆలస్యం కారాదు. ఆడిన మాట నిలబెట్టుకోవడం కొనేవాడికి కూడా విధే.

రెండవది కొలత. సూపర్ బిల్టప్ ఏరియా అంటే లిఫ్టు, మెట్లు, వరండాలు అన్నీ కలిపిన లెక్క. కార్పెట్ ఏరియా అంటే మన గోడల మధ్య మనం కాపురం చేసే నేల. ఒక బిల్డరు ఏడు వేల చొప్పున పద్దెనిమిది వందల అడుగులు ఇస్తానన్నాడు, లోపల కార్పెట్ ఏరియా 1,250. ఇంకొకడు ఏడు వేల మూడు వందలు అన్నాడు, అవే పద్దెనిమిది వందలు, కాని కార్పెట్ ఏరియా 1,370. మొదటివాడిది చౌక అనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటివాడి దగ్గర కార్పెట్ అడుగు 10,080 రూపాయలు, రెండవవాడి దగ్గర దాదాపు 9,590 పడుతుంది. రెరా చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చింది. అగ్రిమెంటులో ఆ అంకె ఉండితీరాలి.

మూడవది తనఖా ఫ్లాట్లు. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం, ప్లాను మేరకే కడతానన్న పూచీకి బిల్డరు నిర్మాణంలో పది శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదల అవుతుంది. ఆ పది శాతంలో మనకు చూపిస్తున్న ఫ్లాటు ఉందా అని తప్పక అడగాలి. ఉంటే, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

నాలుగవది ఆలస్యం. గడువు దాటితే, మనం ప్రాజెక్టులో కొనసాగినంత కాలం బిల్డరు నెలనెలా వడ్డీ ఇవ్వాలని, వద్దనుకుంటే సొమ్ము వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ పేరుతో వచ్చే సొమ్ము విషయంలో సందేహం ఉన్నవారు తమకు నమ్మకమైన ఆలిమ్‌ను సంప్రదించగలరు. ఆలస్యమైన ప్రతి నెలకూ ఇంత అని పరిహారాన్ని అగ్రిమెంటులోనే రాయించుకునే ప్రయత్నం చేయవచ్చు. మొదటిరోజున ఇది అడిగితే బిల్డరు గడువు నిజం చెబుతాడు. రెండేళ్లన్నవాడు మూడేళ్లంటాడు. ఆ నిజం తెలియడమే మనకు లాభం.

ఐదవది, ఇప్పటికే మనదైనదాన్ని కొనుక్కోకూడదు. నిర్మాణ లోపాలు ఐదేళ్లలోపు బయటపడితే బిల్డరు ఉచితంగా బాగుచేయాలి. అది చట్టం, అతని దయ కాదు. మన ఫ్లాటు ప్లానును మన సమ్మతి లేకుండా మార్చరాదు. ఆరుబయట పార్కింగు స్థలాన్ని విడిగా అమ్మే హక్కు బిల్డరుకు లేదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పూర్తిగా ఒకవైపే మొగ్గిన అగ్రిమెంట్లు కొనుగోలుదారును కట్టిపడేయలేవని కూడా అదే కోర్టు 2019లో తీర్పు ఇచ్చింది. వీటిని 'మీకోసం ప్రత్యేకంగా' అంటూ రాయితీలలో లెక్కగడితే మోసపోకూడదు.

ఇక కొంత సొమ్ము లెక్కలో చూపకుండా నగదుగా ఇమ్మంటే ఇవ్వకండి. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది. దానికంటే ముఖ్యమైన మాట, రసీదు లేని సొమ్ముకు రేపు సాక్షి ఎవరు?

భూమి ఎవరిదన్నది తేలాకే

ఈ షరతులన్నీ భూమి వివాదంలో లేనప్పుడే పనికి వస్తాయి. మణికొండ జాగీరులో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాల వివాదం సంవత్సరాల తరబడి కోర్టుల్లో నడిచింది. ఆ భూమి ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుపై ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. ల్యాంకో హిల్స్ వంటి పెద్ద ప్రాజెక్టు కూడా ఆ భూమి మీదనే ఉందన్నది, తీర్పు వచ్చేవరకు అక్కడ ఇల్లు కొన్నవారికి మనశ్శాంతి కరువైందన్నది మరువరాదు. చెరువుల సంగతీ అంతే. 2024లో ఏర్పాటైన హైడ్రా ఆ ఏడాది సెప్టెంబరులో మల్లంపేట కత్వా చెరువు దగ్గర విల్లాలను కూల్చివేసింది. గోడలు ఎంత గట్టివైతేనేమి, నేల చెరువుదైతే?

పెద్ద పేరు కూడా హామీ కాదు. సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థ బాచుపల్లి వైపు తలపెట్టిన హిల్ కౌంటీ ఒకప్పుడు అందరి నోటా నానిన పేరు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడగానే దాని పనులు స్తంభించాయి. కొన్నవారు నిస్సహాయంగా నిలబడ్డారు. కాబట్టి పేరు చూసి కాదు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, అనుమతి పత్రం, రెరా నంబరు చూసి నిర్ణయించుకోవాలి. వకీలు ఫీజు ఇచ్చేందుకు వెనుకాడేవారు బ్రోకరుకు మాత్రం అడిగినంత ఇస్తున్నారు. ఇది సరికాదు.

'ఒంటరిగా వెళ్లి ఇన్ని షరతులు పెడితే బిల్డరు వింటాడా?' అని అడగవచ్చు. వినకపోవచ్చు. నలుగురు కలిసి వెళితే వింటాడు. ఒకే మొహల్లానుంచి ఐదారు కుటుంబాలు ఒకే ప్రాజెక్టులో కొనదలిస్తే కలిసి మాట్లాడాలి. కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటును కూడా పరిశీలించాలి. దానికి ధర కొంత ఎక్కువ, కాని కట్టుబడిలో ఉన్న ఫ్లాటుపై వేసే ఐదు శాతం జీఎస్టీ దానికి ఉండదు. ఎదురుచూసే కాలంలో కట్టే అద్దె కూడా మిగులుతుంది. ఈ రెండూ కలిపి చూస్తే తేడా మనం అనుకున్నంత ఉండదు.

మన మసీదు కమిటీలకు మా మనవి ఒకటి ఉంది. ప్రతి మొహల్లాలో ఇద్దరు ముగ్గురు చదువుకున్న యువకులు, ఒక వకీలు తప్పక ఉంటారు. నెలకు ఒక జుమా నమాజు తర్వాత వారిని గంటసేపు కూర్చోబెట్టి, ఇల్లు కొనదలచినవారి అగ్రిమెంట్లు చదివి చెప్పే ఏర్పాటు చేయండి. ఎవరిమీదా నింద వేయనక్కర లేదు, ఎవరి వ్యాపారాన్నీ చెడగొట్టనక్కర లేదు. రాసిన మాటను చదివి వినిపిస్తే చాలు. అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటుంది, సంతకం పెట్టే తండ్రికి ఉర్దూయో తెలుగో మాత్రమే వస్తుంది. ఒక మనిషి ముప్పై ఏళ్ల కష్టం ఈ రెంటి మధ్య ఖాళీలో పడిపోకుండా ఆపడం కూడా ఖిద్మతే.

ఈ వారం ఎవరైనా బయానా ఇవ్వబోతూ ఉంటే వారికి ఒక్క మాట. ధర గురించి ఇంక అడగకండి. 'నా చివరి వాయిదా ఎప్పుడు?' అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి సౌదా చేయాలో, లేచి రావాలో మీకే తెలిసిపోతుంది.